నోట పెట్టని పులుసుకు మార్కులు

ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. కార్తీకమాసమని నెలంతా నీచు నోట పెట్టని మా వారు ఇవాళ ఏలూరులో మంగమ్మ గారి మెస్సుకెళ్ళి కొర్రమీను పులుసుకు మార్కులు వేశారు. వీడియోలో ముద్దను పెదాల దాకా తెచ్చి, నేను ఫోన్ ఆపగానే కంచంలో వదిలేశారు. మళ్ళీ ఫోన్ పట్టించి, "పులుపు ఎక్కువైందండీ, పదికి నాలుగు" అన్నారు.

నేను తిన్నాను. పులుపూ కారమూ చక్కగా కుదిరాయి.

మంగమ్మ గారి మొహం చిన్నబోయింది. "ఎప్పుడూ వేసే చింతపండేనండీ" అంటూ అరచేతిలో కాస్త పులుసు వేసుకుని రుచి చూశారు. మళ్ళీ చూశారు. రేపటి నుంచి ఆవిడ చింతపండు తగ్గించేస్తారేమో...

భీమడోలు బస్సెక్కాక అడిగాను. "తినకుండా అలా ఎలా చెప్పారండీ?"

"అన్నీ బాగున్నాయంటే మన వీడియోలు ఎవరు నమ్ముతారే?"

వద్దంటున్నా వినకుండా ఇంటికి రాగానే వీడియో పెట్టేశారు.

ఇందాక భోజనంలో నా పప్పుచారు మొదటి ముద్దకే, "ఉప్పు తగ్గిందేమిటే?" అన్నారు.

మధ్యాహ్నం ఎక్కడికి పోయింది ఈ నాలుక?