బస్సెక్కిన దాకే పాట

నాయినా,

గరిడేపల్లిలో వడ్లు ఆరబోసేటప్పుడు నువ్వు పెట్టే కామెడీ పాటల క్యాసెట్ గుర్తుందా? అందులో భార్య అలిగి పుట్టింటికి పోయే పాటంటే నాకు ప్రాణం. ఒకసారి టేప్ రికార్డర్ రీలును నమిలేస్తే, పాడైన ముక్క కత్తిరించి అమ్మ గోళ్ల రంగుతో అతికించావు. అప్పటి నుంచి పాటలో ఆ భార్య బస్సెక్కగానే వేరే పాట మొదలయ్యేది.

"మళ్ల రాదా నాయినా?" అని అడిగేదాన్ని.

"ఎందుకొస్తది బిడ్డా? వాళ్ల నాయిన పంపడు" అనేవాడివి.

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నా ముఖం చూసి మా ఆయన ఆ పాటను ఫోన్‌లో వెతికి పెట్టాడు. ఇందులో పాట మొత్తం ఉంది. మొగుడొచ్చి బతిమాలితే ఆమె తిరిగి వచ్చేసింది.

"సూసినవా, వచ్చింది గద!" అని ఆయన ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. కానీ అప్పటి నుంచి మనసు ఒక్కచోట నిలవడం లేదు. ఉతికిన బట్టలనే మళ్లీ నానబెట్టాను.

సాయంత్రం నీ మనవరాలు ఆ పాట పాడమంది. బస్సెక్కేదాకా పాడి ఆపేశాను.

"తర్వాత ఏమైందమ్మా?"

"గంతే బిడ్డా. వాళ్ల నాయిన పంపలేదు."