దండ వేసిన కంప్యూటర్

అన్నా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి దసరా ఇది. రైతులు టమాట ధర చూసుకోవాలని నువ్వు విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించి బతికించిన పాత కంప్యూటర్‌కు, తొండుపల్లి రైతు సంఘం గదిలో ఆయుధపూజ చేశారు. దాని ఫ్యాన్ సందుల నిండా కుంకుమ. తుడిచి స్విచ్ వేశాను. మొరాయించకుండా లేచింది. నువ్వు పెట్టిన మార్కెట్ పేజీ తెరుచుకుంది.

"దాంట్ల విండోస్ లేదు, అదేం పనికొస్తది? పూజ చేసినంక ముట్టొద్దు తమ్మీ," అంటూ సంఘం పెద్ద యాదగిరన్న ప్లగ్ పీకేశాడు. జారిన బంతిపూల దండను మళ్లీ సర్దాడు.

ఛీ! బొట్టు పెట్టి, దండేసి, మూల కూర్చోబెట్టడమే వీళ్లకు తెలిసిన గౌరవం.

పక్క గోడమీద నీ ఫోటోకూ అలాంటి దండే ఉంది. ఆ దండ తీసి బయట పారేసి వచ్చాను.