పాదం మీద లెక్క

జనగామ,
12 ఫిబ్రవరి 1949.

మొదట ఈ ఉత్తరం విప్పి చదివే జైలు జమాదారు గారికి నమస్కారం. ఆ తర్వాత మా భూదేవికి నాయిన దీవెనలు.

ఈ దవాఖాన బల్ల మాత్రం మనిషి కూర్చునేందుకు చేసింది కాదు బిడ్డా. పోలీసులు నిన్ను బాలింతవని కూడా చూడకుండా తిరిగి వరంగల్ జైలుకు తీసుకుపోయి ఐదు రోజులైంది. ఆ ఐదు రోజులూ దీని మీదే ఉన్నాను. మాట్లాడదామంటే పక్కన ఎవరూ లేరు. గోడతో రెండు మాటలన్నాను, అదీ పలకలేదు.

ఏడో నెలకే పుట్టిన నీ బిడ్డ దూది పరిచిన బుట్టలో, కుంపటి పక్కన దొరసానిలా పడుకుంది. నెత్తురు పోటు చూద్దామని డాక్టరు పట్టీ మిషన్ తెచ్చాడు. పట్టీ చుడితే చేయి కాదు, బిడ్డే కనిపించకుండా పోయింది. నర్సు సారమ్మ నవ్వి నాకో ఉపాయం నేర్పింది. "కాకా, అరికాలు బొటనవేలితోని ఒత్తు, తెల్లగైతది. వేలు తీసి లెక్కపెట్టు. మూడు లోపల ఎర్రగైతె నెత్తురు మంచిగ తిరుగుతున్నట్టు. దాటితె నన్ను పిలువు" అన్నది.

లెక్క నాకా నేర్పేది! దొర గడిలో ధాన్యం సంఘం పంచినప్పుడు ఊరందరికీ కుంచంతో కొలిచింది నేనే కదా. ఒకటిని లాభమనే ఆ కొలత రాగమే తీస్తాను, "లాభమే... లాభం, రెండే... రెండు, మూడే... మూడు" అని. మూడు ముగిసేసరికి పాదం ఎర్రబడుతుంది. గంటకోసారి చూస్తున్నాను, ఒక్కసారీ దాటలేదు. నువ్వు దిగులు పడకు, వేళకు తిను.

నీ మేలు, నీ బిడ్డ మేలు కోరే
నాయిన భిక్షపతి

తా.క. మాపటేళ రాస్తున్నాను. పొద్దున నా లెక్క సారమ్మ చెవిన పడింది. "కాకా, గిది లెక్కనా, పాటనా? నీ మూడంటె నా తొమ్మిది!" అని బుట్ట దగ్గరికి ఉరికింది. డాక్టరు వచ్చాడు, సూది వేశాడు, కుంపట్లో బొగ్గులు నింపారు. పిలవాల్సినప్పుడు నేను పిలవలేదు బిడ్డా. మధ్యాహ్నం మళ్లీ ఒత్తి, ఈసారి ఆమె చెప్పినట్టే గబగబా లెక్కపెట్టాను. నూరు దాటినా తెల్లగానే ఉంది. సారమ్మ నా చేయి పట్టుకునేదాకా ఆపలేదు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి, "లే కాకా, పొద్దు గూకుతున్నది, తీస్కపోవాలె" అంటోంది. పాపకు పేరు నన్నే పెట్టమన్నావు కదా, నేను మనసులో