ఒక్క టార్చి, రెండు దీపాలు

బావకు,

నీ బావమరిది నమస్కారం పెట్టి రాస్తున్నది. నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని నీకు తెలుసు. అయిదో తరగతితో బడి మానినవాణ్ణి, తప్పులు చాలా ఉంటాయి, మన్నించు. ఇంకొకరి చేత రాయించవచ్చు, కానీ ఈ మాట ఇంకొకరి చేతిమీదుగా రాకూడదు. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత ఉత్తరం ఏమిటని చించెయ్యకు.

నిన్న కంటి ఆస్పత్రికి పోయాను. శుక్లం తీయాలన్నారు. తీసే ముందు కంటి వంపు కొలవాలట. నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఉంటుంది, దాని గుండ్రం ఎంతో తెలిస్తేనే లోపల పెట్టే అద్దం నంబరు కుదురుతుందట. మిషనుకు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. లోపల వెలుగు వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి. అవి కంటి మీద ఎలా పడ్డాయో చూసి మిషను లెక్క చెబుతుంది. కుడికన్ను నలభై నాలుగు. ఎడమకన్ను యాభై ఏడు.

"తాతా, కదిలావా?" అంది కొలిచే అమ్మాయి.

"ఊపిరి కూడా బిగబట్టానమ్మా."

మళ్లీ కొలిచింది. మళ్లీ యాభై ఏడే, ఎవరికీ అంత రాకూడదట. డాక్టరును పిలిచింది. ఆయన రంగుల బొమ్మ చూపించాడు.

"ఈ ఎర్రమచ్చ చూడు పెద్దాయనా. ఇక్కడ పొర పలచబడి కోడిగుడ్డు కొనలా ముందుకు పొడుచుకొచ్చింది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఉండి ఉంటుంది."

"నాకెప్పుడూ తెలియలేదే!"

"కుడికన్ను మంచిది కదా, అదే నెట్టుకొచ్చింది."

నా కుడికన్ను అరచేత్తో మూసి, గది చివర అమ్మాయిని చిన్న దీపం పట్టుకోమన్నాడు. ఎన్ని అని అడిగాడు. రెండన్నాను. సరిగ్గా చూడమన్నాడు. "రెండేనండీ, పక్కపక్కన" అన్నాను. చెయ్యి తీశాడు.

ఒక్కటే ఉంది బావా.

 

మన బస్సు డిపో వాడుక నీకు నేను చెప్పాలా? బండి వెనక్కి తీసేటప్పుడు కండక్టరు ఒక టార్చి చూపిస్తే నాలాంటి డ్రైవరు ఆగాలి, రెండు చూపిస్తే రావాలి. ఆ సాయంత్రం నువ్వు ఒకటే చూపించావు. నాకు రెండు కనిపించాయి, వచ్చేశాను. వెనక వంగి పనిచేస్తున్న మెకానిక్కు కాలు పోయింది. విచారణలో నువ్వు ఒకటన్నావు, నేను రెండన్నాను. నా మాటే చెల్లింది. నీ ఉద్యోగం ఊడింది. "నాకు తమ్ముడు లేడు" అని అక్క మా గుమ్మం దిగిపోయింది. భయపడి అబద్ధమాడింది నువ్వేననుకున్నాను. ఎప్పటికైనా నువ్వే వచ్చి తప్పు ఒప్పుకుంటావని ఇన్నేళ్లూ కాచుకు కూర్చున్నాను. చూడు నా బతుకు.

ఇంకొకటి. ఆ రోజు నా కుడికంటికి కురుపు లేచి మూసుకుపోయింది. సెలవు పెట్టమని పొద్దున నువ్వే అన్నావు. "పోవయ్యా, ఒంటికన్నుతో కూడా నీకంటే బాగా చూస్తాను" అన్నాను. విచారణలో ఆ సంగతి దాచాను. నువ్వు బయటపెట్టి ఉంటే నా ఉద్యోగం పోయి నీది నిలిచేది. నువ్వూ నోరు విప్పలేదు. ఎందుకు బావా? మా ఇంట్లో నెలల బిడ్డ ఉందని చూశావా? ఆస్పత్రి కుర్చీలో కూర్చునేదాకా ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

నలుగురిలో మాట్లాడలేనివాణ్ణని నీకు తెలుసు. ఈ పొద్దున డిపోకు పోయాను. పాతవాళ్లంతా టీ తాగుతున్నారు. మెకానిక్కూ ఉన్నాడు, కర్ర పక్కన పెట్టుకుని. వాళ్ల ముందు నిలబడి చెప్పాను. "కండక్టరు చూపించింది ఒక్కటే. తప్పు నాది. కన్ను మూసుకుపోయిన సంగతి దాచాను."

 మెకానిక్కు టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు, "మాకు చెప్పి ఏం లాభం? వాడికి చెప్పు పో."

అందుకే రాస్తున్నాను. అక్కకు నువ్వు చెప్పవద్దు. నేనే వచ్చి చెబుతాను. తిట్టినంతసేపూ మీ గుమ్మం బయట నిలబడతాను. రమ్మంటావో వద్దంటావో ఒక్క ముక్క త్వరగా రాయి. వద్దన్నా సరే, నీ చేత్తో రాసింది కావాలి.

ఇట్లు,
నీ బావమరిది