షడ్డకుని ఆముదాలు

1967 ఫాల్గుణం, గురువారం రాత్రి

ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి షడ్డకుడు రాజయ్య కొత్త సైకిల్ మీద వచ్చాడు. ఆముదాలు అమ్మి కొన్నాడట. నూనె ఓడలెక్కి పరాయి దేశాలకు పోతోందని సంగారెడ్డి సేటు అడిగినంత ధర ఇచ్చాడట. నా తెల్లజొన్నలు చూసి అదే సేటు మొహం తిప్పుకున్నాడు. అమెరికా నుంచి ఓడలో వచ్చిన ఎర్రజొన్నలు రేషన్ దుకాణంలో చవకగా దొరుకుతుంటే నావి ఎవరికి కావాలి? పోయే ఓడ ఆయనకు కలిసొచ్చింది, వచ్చే ఓడ నన్ను ముంచింది.

ఆ సైకిల్ గంట ఇంకా చెవిలో మోగుతూనే ఉంది.

పోయేముందు, "తమ్మీ, కుంచెడు తెల్లజొన్నలియ్యి. రేషన్ జొన్నరొట్టె పిల్లలు తింటలేరు" అన్నాడు.

"లేవన్నా" అన్నాను. గాదె నిండుగా ఉంది.

"గట్లనా? నువ్వు గూడ ఇగ ఆముదాలెయ్యరాదు" అని సైకిలెక్కాడు.

వేస్తాను. చెలకంతా వేస్తాను. కానీ అందరం అవే వేసిన ఏడాది సేటు వద్దంటే...

అన్నం దగ్గర నా భార్య అడిగింది. "మా అక్క పిల్లల కోసమడిగిండు గదా, లేవంటివేంది?"

విత్తనానికి దాచానని చెప్పాను. వచ్చే ఏడు జొన్న వేయనని ఆమెకింకా చెప్పలేదు.