బస్రా నుంచి వచ్చిన రెండు ఉత్తరాలు

ఉద్దానం, 1917

మునసబు బావగారికి నమస్కారాలు. మేం క్షేమం. మీ తమ్ముడు మాత్రం మీ మీద అలిగి కొబ్బరితోటలోనే భోంచేస్తున్నారు.

పట్టాళానికి మా చిన్నవాడు నీలకంఠం పేరు కూడా మీరు రాశారట. పట్టాళం దొరగారు సిపాయిల ఇళ్లకు పంపిన అచ్చు ఉత్తరాన్ని కాశీబుగ్గ సంతలో చదివితే ఇంకో పదిమంది చేరతారని మీరే కబురు పెట్టారు. పంపుతున్నాను. బస్రా యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన మనిషి చేత మా పెద్దవాడు సన్యాసి పంపిన ఉత్తరం కూడా జతచేశాను. రెండూ ఒకే యుద్ధం గురించేనని తేదీలు సరిచూసుకున్నాకే నమ్మాను.

దళం పన్నెండు మైళ్లు ముందుకు సాగిందని దొరగారు రాశారు. మావాడేమో, "అమ్మా, ముందుకి ఎల్లినమాట నిజమే. నీల్ల బళ్లు రానేదు. మల్లా ఎనక్కి నడిసినాం. ఆ సంగతి దొరకి ఎవుడూ సెప్పనేదు" అని రాశాడు. సిపాయిలు ఉత్సాహంగా ఉన్నారని దొరగారు. "దొర గుర్రమెక్కి వచ్చినప్పుడు నవ్వమన్నారు, నవ్వినాం. బూట్లు సిరిగిపోతే కాళ్లకి గోనె సుట్టుకున్నాను" అని మావాడు.

దొరగారి లెక్కన నెలలో గెలుస్తాం. నీలకంఠం ఓడ దిగేసరికి అక్కడ వాడికి పనుండదు. సన్యాసి చెప్పిందే నిజమైతే నేను పంపను. ఎటు చూసినా వాడి పేరు కొట్టేయండి.

"మునసబు ఇంటి నుంచి ఎవుడూ ఎల్లకపోతే ఊరు నవ్వదా, అమ్మా?" అని మొన్న మీరన్నారు. ఒకడు వెళ్లే ఉన్నాడు, మరిచిపోయినట్టున్నారు.

సంతలో రెండు ఉత్తరాలూ చదవండి. దొరగారిది మీరు చదవండి. సన్యాసిది మీ అబ్బాయి మల్లేశు చేత చదివించండి. వాడిదీ మా నీలకంఠం ఈడే.

మీ మరదలు