నీ కప్పు పొయ్యి పక్కనే ఉంది

నాయనమ్మా,

నేనిప్పుడు బెలీజ్ అనే చిన్న దేశంలో, మాయా ప్రజల ఊళ్లో ఉన్నాను. ఇక్కడ చాక్లెట్ పండగకు సాయం చేయడానికి వచ్చాను. పొద్దున చిక్కడపల్లి నుంచి నాన్న ఫోన్ చేసి, "ఇయ్యాల నాయనమ్మ సంవత్సరీకం, యాదుందా?" అన్నాడు.

నాకేమో చాక్లెట్ చేసే కకావ్ గింజలు వేయించే పని ఇచ్చారు. పెనం మీద అవి చిటపటలాడుతుంటే మాడుతున్నాయేమోనని ఒకటే భయం. నేను దిగిన ఇంటి పెద్దావిడ వాటిని రాతి మీద నూరి, వేడినీళ్లలో కలిపి, మొదటి కప్పు నా చేతికిచ్చింది. వేయించినవాళ్లే ముందు తాగాలట. ఎదురుగా జనం వరుసలో నిలబడి నన్నే చూస్తున్నారు.

తాగలేకపోయాను. "దేవునికి పెట్టకముందే ఎంగిలి చేస్తవా?" అని నువ్వు వంటింట్లోంచి అరిచినట్టే అనిపించింది.

ఆవిడ మొహం మారిపోయింది. "మాడిపోయాయా?" అని మెల్లగా అడిగింది. వరుసలో ఒకరిద్దరు వెనక్కి తగ్గారు. ఈరోజు మా నాయనమ్మ పోయిన రోజని, ఆమెకు పెట్టకుండా తాగలేనని ఎలాగో చెప్పాను. ఆవిడ ఇంకో కప్పు నింపి పొయ్యి పక్కన పెట్టింది. అప్పుడు తాగాను. మాడలేదు గానీ, బాగా చేదు.

రోజూ చాయ్ దగ్గర మనకు కొట్లాటే కదా. "జర చక్కెర ఎయ్యవే" అని నువ్వు, నారాయణగూడ డాక్టర్ వద్దన్నాడని నేను.

ఆవిడ చక్కెర డబ్బా తెచ్చి, మీ నాయనమ్మ కప్పులో వేయనా అని అడిగింది.

రెండు చెంచాలు వేయమన్నాను.